సగం పిల్లి

మొన్న జగదల్‌పూర్‌లో రక్తం తీయించుకోవడానికి పోతే, అక్కడి నర్సు పిల్ల నా రవిక చెయ్యి పైకి మడిచి, సూది గుచ్చడం మానేసి కళ్ళు చికిలించి చూసింది. "నానీ, యే క్యా హై? ఖర్‌గోష్?" అని అడిగింది. అమ్మమ్మా, ఇదేంటి, కుందేలా అని. "హా బేటీ, ఖర్‌గోష్" అన్నాను. ఆ పిల్ల ముచ్చటపడి, పక్కనున్న ఇంకో పిల్లను పిలిచి మరీ చూపించింది.

అది కుందేలు కాదు. నా చేతి మీది ఈ పచ్చబొట్టుకు నేను చెప్పిన అబద్ధాలన్నీ ఏరితే ఒక గంపెడవుతాయి. తోడికోడళ్ళకు తామర రేకులన్నాను. పిల్లలు అడిగితే రెండు కొండలన్నాను. మా ఆయనకు చిన్నప్పుడు కాలిన మచ్చ అన్నాను. ఆయన అది నమ్మేంత అమాయకుడు కాదు గానీ, మళ్ళీ అడగలేదు, పాపం. ఇంత ముసలిదాన్నయ్యాను, పళ్ళూడిపోయాయి, ఇంకా నాకు నిజం చెప్పడానికి సిగ్గే.

అది పిల్లి. పోనీ పూర్తి పిల్లి కూడా కాదు. రెండు చెవులు, నుదురు, ఒక కన్ను, ఒక పక్క మీసాలు. రెండో కన్ను ఉండవలసిన చోటు నుంచి ఒక గీత వంకరగా మణికట్టు వైపు జారిపోయి మధ్యలో ఆగిపోతుంది. ఒళ్ళు లేదు, తోక లేదు. ఆ రోజు ఇంటికొచ్చాక నాకు అన్నం సయించలేదు. పెద్దమ్మ గుర్తొచ్చి కంచం పక్కకు నెట్టేశాను.

పెద్దమ్మ అంటే మా నాయన మొదటి భార్య. ఆమెకు పిల్లలు కలగలేదని నాయన మా అమ్మను చేసుకున్నాడు. ఆ రోజుల్లో అదేం వింత కాదు. అమ్మను చూసి, నచ్చిందని నాయనతో చెప్పింది కూడా పెద్దమ్మేనట. కోంటలో, శబరి ఒడ్డున మాది ఉప్పూ బట్టల దుకాణం. అప్పుడింకా ఏరు ఇవతల బస్తరు రాజావారిది, అవతల ఇంగ్లీషువాళ్ళది. ఉప్పు అటునుంచి పడవలో వచ్చేది, చింతపండూ ఇప్పపువ్వూ ఇటునుంచి పోయేవి. దుకాణం వెనక ఇల్లు, ఇంటి వెనక దొడ్డి. ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు, మధ్యలో నేనొక్కదాన్ని.

పెద్దమ్మను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మొహం కాదు, చప్పుడు. వేయించిన చింతగింజలు కొంగున ముడివేసుకుని, పొద్దస్తమానం ఒకటి బుగ్గన పెట్టుకుని ఉండేది. నానబెట్టి నానబెట్టి చివరికి పటుక్కున కొరికేది. ఇంట్లో ఏ మూల పటుక్కుమంటే ఆ మూల పెద్దమ్మ ఉన్నట్టు. అమ్మకు ఆ చప్పుడు గిట్టేది కాదు. "పందికొక్కు కొరికినట్టు కొరుకుతది" అని గొణిగేది. కాసేపు వినపడకపోతే మాత్రం "అక్క ఏడపోయింది, చూసి రా పో" అని నన్ను తరిమేది.

నాలుగు భాషలు మాట్లాడేది. సంతలో బేరానికి హల్బీ. అడవి ఆడవాళ్ళతో కష్టసుఖాలకు దోర్లీ. సంస్థానం సిపాయి వస్తే హిందీ. తిట్టడానికి మాత్రం తెలుగే. "తిట్టు పుట్టింటి భాషల తిడితేనే దిగుతదే" అనేది. నిజమే, ఆమె తెలుగులో తిడితే భాష తెలియని సిపాయి కూడా రెండడుగులు వెనక్కి వేసేవాడు.

ఇంకొకటి. ఆమె దేన్నీ ఒక పట్టాన తేల్చుకునేది కాదు. సంతలో కుండ కొనాలంటే ఉన్న కుండలన్నిటినీ వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విని, కుమ్మరామె విసుగెత్తి "కుండ కొంటున్నవా, అల్లుణ్ణి ఎంచుతున్నవా తల్లీ?" అనేదాకా కూర్చుని, "చూద్దాం లే" అని లేచి వచ్చేది. వంకాయలకూ చూద్దాం లే, చీరకూ చూద్దాం లే. "యముడొచ్చి నిలబడ్డా ఇది చూద్దాం లే అంటది" అని నాయన నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు గానీ, అప్పుడు కడుపు పట్టుకుని నవ్వాను.

అడవి ఆడవాళ్ళతో ఆ కష్టసుఖాల్లోనే ఆమెకు ఈ పచ్చబొట్టు సంగతి అంటుకుంది. ఉప్పుకొచ్చిన ఒక దోర్ల ముసలమ్మ చెప్పిందట. చచ్చిపోయాక వెండి ఊడదీసుకుంటారు, బట్ట కాలిపోతుంది, పచ్చబొట్టు ఒక్కటే వెంట వస్తుంది. పైన తల్లులంతా వరసగా కూర్చుని ఉంటారు. కొత్తగా వచ్చినదాని చెయ్యి పట్టి చూసి, తమ చేతి మీది గుర్తే దాని చేతి మీదా ఉంటే "ఇది నా పిల్ల" అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటారు. అందుకే వాళ్ళలో తల్లి గుర్తే కూతురికీ పొడిపిస్తారు. 

ఆ పూట పెద్దమ్మ ఒక్క చింతగింజ కొరకలేదు. సాయంత్రం నాకు తల దువ్వుతూ, దువ్వెన మధ్యలో ఆపి అడిగింది.

"బిడ్డా, నువ్వూ నేనూ ఒక్క తీరు పచ్చబొట్టు పొడిపించుకుందామానే?"

"నొస్తదా?"

"చీమ కుట్టినట్టుంటది."

"ఎందుకు?"

"నేను ముందు పోత గద. పోయి ఆడ కూసుంట. అందరు తల్లులు వాళ్ళ వాళ్ళ పిల్లల్ని పిలుచుకుంటుంటే, నేనెవ్వర్ని పిలవాలె చెప్పు?"

నాకేం అర్థం కాలేదు. జడ తొందరగా వేసెయ్యి, ఆడుకోవాలి అన్నాను.

పంటలు ఇంటికొచ్చాక, మడై జాతర ముందర, పై ఊళ్ళ నుంచి ఒక ఓఝా ముసలామె ఏటా మా ఊరికి వచ్చేది. పచ్చబొట్లు పొడవడం వాళ్ళ కులవృత్తి. వెదురు గొట్టంలో సూదుల కట్ట, కొబ్బరి చిప్పలో దీపం మసి, ఏదో ఆకు పసరు. మా దొడ్లో మునగచెట్టు కింద గోనె పరుచుకుని కూర్చునేది. పచ్చబొట్టును గోదనా అనేది, పెద్దమ్మను సావుకారమ్మా అనేది. ముందు పుల్లతో మసి అద్ది చేతి మీద బొమ్మ గీసి చూపించాలి, నచ్చితే సూది. అక్కడే వచ్చింది చిక్కు. ఎంచుకోవలసింది మా పెద్దమ్మ.

ఓఝా తేలు గీసింది. పెద్దమ్మ చెయ్యి ఎండలోకి చాపి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఈ ఇంట్ల కుట్టేటోళ్ళు చాలరా?" అని నీళ్ళు పోసి కడిగేసింది. నెమలి గీస్తే, "ఎగిరిపోయేదాన్ని ఒంటి మీద పెట్టుకొని ఏం లాభం?" అంది. చేప గీస్తే, "నీళ్ళల్లకెల్లి తీస్తే చచ్చేది. ఒద్దు." ఇక మిగిలింది సీతమ్మ వంటిల్లు. నాలుగు గీతల పొయ్యి, మధ్యలో చుక్కలు, చూడ్డానికి బాగానే ఉంటుంది. 

"ఈడ వండింది చాలదా? ఆడ గూడ నన్నే వండమంటవా?" అని పెద్దమ్మ కసురుకుంది. ఓఝా గోనె మీద పడి పడి నవ్వింది.

"పోనీ తులసికోట పెట్టుకో సావుకారమ్మా. మంచింటి ఆడోళ్ళందరు అదే పెట్టుకుంటరు."

"అందుకే ఒద్దంటున్న. ఊళ్ళె సగం చేతుల మీద అదే ఉన్నది. మా చెల్లె చేతి మీద గూడ తులసికోటనే. రేపు ఆడ ఈ పిల్ల చెయ్యి చాపితే నలుగురు తల్లులు నాదంటే నాదని లేస్తరు. ఎవ్వరికీ లేనిది పెట్టు."

చెల్లె అంటే మా అమ్మ. నన్ను కన్నది పెద్దమ్మ కాదని ఓఝాకు అప్పుడు తెలిసింది. నా వైపు ఒకసారి, ఇంటి వైపు ఒకసారి చూసింది. ఆ ఏడాది బొమ్మలన్నీ గీసి గీసి పెద్దమ్మ చెయ్యి పొయ్యి మూకుడంత నల్లబడింది గానీ పని తేలలేదు. "చూద్దాం లే" అంది. మరుసటేడూ అంతే. "నువ్వు తేల్చేలోపల నా కండ్లు పోతయ్ సావుకారమ్మా" అని ఓఝా మొత్తుకుంది.

చివరికి తేల్చింది నేను. ఇదిగో, ఇక్కడే నాకు తల ఎత్తబుద్ధి కాదు. పిల్లిని ఎంచింది ఎవరో కాదు, నేనే.

మా దుకాణంలో ఎలుకల కోసం ఒక పిల్లి ఉండేది. అప్పుడే ఈనింది. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు గదా, ఒక కూనను నోట కరుచుకుని మా దొడ్లోంచి పక్కింటి గోడ వైపు పోతోంది. వీళ్ళ బేరం తెమలక నాకు విసుగొచ్చి, "పోనీ పిల్లి పెట్టుకో పెద్దమ్మా!" అన్నాను. వెక్కిరింతకే అన్నాను. ఓఝా నవ్వి నవ్వి దగ్గింది. పెద్దమ్మ నవ్వలేదు. ఆ పిల్లి గోడెక్కి కూనతో సహా అటు దిగేదాకా చూస్తూ కూర్చుంది. బుగ్గనున్న గింజను పటుక్కున కొరికి, "సరే" అంది. ఆమె నోట చూద్దాం లే కాకుండా సరే రావడం నేను వినడం అదే మొదలు.

ఓఝా బెదిరిపోయింది. "పిల్లా! అయ్యో, ఎవ్వరూ పొడిపించుకోరమ్మా."

"అందుకే."

"ఎదురొస్తెనే పని చెడుతది. చేతి మీద పెట్టుకుంటే, ఏ పనికి చెయ్యి చాపినా ముందు అదే ఎదురొస్తది గద?"

"ఎదురొచ్చే పిల్లికి గదనే దోషం. ఇది నా వెంట వచ్చేది" అంది పెద్దమ్మ. తరువాత నా వైపు తిరిగి, "చూసినవా బిడ్డా, ఎలుకను పట్టిందీ ఆ నోటితోనే, పిల్లను పట్టిందీ ఆ నోటితోనే. ఎలుక చస్తది. పిల్లకు గీత గూడ పడదు" అంది.

ఓఝాకు పిల్లి గీయడం రాదు. వాళ్ళమ్మ నేర్పలేదట. మొదట గీసింది పులిలా వచ్చింది, తరువాతది గుడ్లగూబలా వచ్చింది. పెద్దమ్మ పట్టు వదలకుండా పిల్లిని పట్టి గంపకింద మూసి, మూత ఎత్తి చూపిస్తూ "అగో, చెవులు చూడు. మీసాలు చూడు" అంటూ దగ్గరుండి గీయించింది. పిల్లి ఇద్దరి చేతులూ రక్కింది. చివరికి కుండకు చెవులు మొలిచినట్టు ఒక బొమ్మ తేలింది. ఎంత కుండలా ఉన్నా పిల్లేనని తెలుస్తోంది.

మరునాడు మధ్యాహ్నం అమ్మ అన్నం తిని నడుం వాల్చినప్పుడు మొదలుపెట్టారు. ముందు పెద్దమ్మ. కుడి ముంజేతి మీద చెవుల నుంచి తోక దాకా పూర్తి పిల్లి. సూదుల కట్ట టకటకా దిగుతుంటే చెయ్యి ఇసుమంత కదల్లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా ఒక గింజ పటుక్కుమనేది, అంతే. కొంగులో ముడి సగానికి తరిగిపోయింది. రక్తం తుడిచి పసుపూ ఆముదమూ పూశాక, చెయ్యి ఎత్తి పట్టుకుని నాకు చూపించింది. ఆ మొహం వెలిగిపోవడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. 

తరువాత నేను. చెవులు పొడిచేటప్పుడు ఓర్చుకున్నాను. పెద్దమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నోట్లో ఒక గింజ పెట్టి "కొరుకు, కొరుకు" అంటోంది. ఓఝా ఏదో పాడుతోంది. నుదురు, ఒక కన్ను, మీసాలు అయ్యాయి. రెండో కంటికి సూది దిగగానే ఇక నా వల్ల కాలేదు. "అమ్మా!" అని కేకపెట్టి ఒక్కసారిగా చెయ్యి లాక్కున్నాను. సూదులు జారి మణికట్టు వైపు గీరుకుపోయాయి. 

అమ్మ లేచొచ్చింది. నా చెయ్యి చూసింది, పెద్దమ్మ చెయ్యి చూసింది. అమ్మకూ ఆ దోర్ల ముసలమ్మ మాట తెలుసు. అడవి మాటలని కొట్టిపారేసేది గానీ, ఇప్పుడు కొట్టిపారెయ్యలేకపోయింది.

"నా బిడ్డ మీద నీ ముద్ర వేస్తవా అక్కా? కన్నది నేను! ఆడికి పోయినంక గూడ దాన్ని నాకు కాకుండ చేస్తవా?"

"నీ బిడ్డ కాదన్ననా చెల్లె? ఈడ నీ బిడ్డనే. ఎన్నడన్న కాదన్ననా? ఆడ... ఆడ జర నా పక్కన కూసుంటదని."

"కూసోదు!"

ఓఝా మూట సర్దుకుని వెనక దారిన ఉడాయించింది. నాయన దుకాణంలోంచి వచ్చి, "ఏందీ గోల?" అని, ఇద్దరి మొహాలూ చూసి, వచ్చిన దారినే పోయాడు. అమ్మ నన్ను నూతి దగ్గరకు లాక్కుపోయి బూడిద పెట్టి తోమింది, చింతపండు పెట్టి తోమింది. తోలు లేచిపోయింది గానీ చుక్క చెదరలేదు. నేను ఏడుస్తుంటే తోమడం ఆపి తనూ ఏడ్చింది. పెద్దమ్మ మునగచెట్టు కింద ఆ గోనె మీదే కూర్చుని ఉండిపోయింది.

ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోవడానికి చాన్నాళ్ళు పట్టింది. నా చెయ్యి మాత్రం అలాగే మిగిలింది. ఈడుపిల్లలు "సగం పిల్లి, సగం పిల్లి" అని వెంటపడేవాళ్ళు. ఒకతి మ్యావ్ అంటే మిగతావాళ్ళు పాలగిన్నెలు దాచుకోండర్రా అనేవాళ్ళు. పిల్లిని ఎంచింది నేనేనని ఎవరికీ చెప్పలేదు. అంతా పెద్దమ్మ మీదికే నెట్టాను. ఆమె కూడా కాదనలేదు. మోచేతి కిందికి దిగే చేతుల రవికలు కుట్టించుకోవడం అప్పుడే మొదలుపెట్టాను. ఎండాకాలంలో ఉడికిపోతున్నా అవే. ఓఝా ఏటా వచ్చేది, "సగంల ఆపిన బొట్టు మంచిది కాదు సావుకారమ్మా" అనేది. పెద్దమ్మ నా చెయ్యి వైపు చూసేది, అడిగేది కాదు.

నాకు కూనవరం సంబంధం వచ్చింది. శబరి దిగువన, పడవ ప్రయాణం. పెళ్ళిచూపుల రోజు కాబోయే మా అత్త నా చెయ్యి పట్టుకుని చూస్తుంటే రవిక చెయ్యి పైకి జరిగింది. 

"ఇదేంది?" అంది.

"చిన్నప్పుడు కాలిందమ్మా" అంది అమ్మ.

అప్పుడే పెద్దమ్మ మంచినీళ్ళ చెంబుతో వస్తోంది. ఆ మాట వింది. చెంబు ఎడమచేతిలోకి మార్చుకుని, పిల్లి ఉన్న కుడిచెయ్యి చీర వెనక దాచుకుంది. పెద్దవాళ్ళకు ఎడమచేత్తో నీళ్ళిచ్చిందని మా అత్త మొహం చిట్లించుకుంది. నేనంతా చూశాను. చూసి, హమ్మయ్య అనుకున్నాను. 

ముహూర్తం పెట్టుకున్నాక ఒకనాడు నేను కొత్త చీరలు ముందేసుకుని కూర్చుని ఉంటే, పెద్దమ్మ వచ్చి గడప దగ్గర నిలబడింది. బుగ్గన గింజ.

"బిడ్డా, ఓఝా వచ్చింది. అమ్మ ఏటికి పోయింది. ఒళ్ళూ తోకే గద మిగిలినయ్. పెళ్ళయినంక మళ్ళ ఎప్పుడొస్తవో. పూర్తి చేయించుకుంటవా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఉన్నదానికే సిగ్గుతోని చస్తున్న. చెరిపే మందేమన్న ఉంటే తీస్కరా. పూర్తి చేయించుకోవాల్నా ఇంక?"

"సగమే ఉంటే ఆడ గుర్తు పడతరో లేదో నే."

"పట్టకపోతే పట్టకపోనీ! నన్ను గుర్తు పట్టుమని నిన్నెవ్వరడిగిన్రు?"

పెద్దమ్మ గడప దాటి లోపలికొచ్చింది. నా ఒళ్ళోని చీర అంచు ఒకసారి తడిమి చూసింది. "చూద్దాం లే" అని, దొడ్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట ఓఝా చాలాసేపు పోలేదు. మునగచెట్టు వైపు నుంచి పటుక్కు పటుక్కుమని ఒకదాని వెంట ఒకటి వినిపిస్తూనే ఉంది. ముసలివాళ్ళిద్దరూ కబుర్లలో పడ్డారనుకున్నాను. చీరలు మడతపెట్టుకునే పనిలో ఉన్నాను నేను.

పెళ్ళయింది, కూనవరం పోయాను, కొడుకు పుట్టాడు. పురిటికి వచ్చినప్పుడు పెద్దమ్మే నాకు నలుగు పెట్టి నీళ్ళు పోసింది. తను మాత్రం రవిక చెయ్యి మోచేతి పైకి మడిచేది కాదు, తడిసినా సరే. వయసు మీద పడి చలేస్తోందేమో అనుకున్నాను. బొట్టు మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పడవ ఎక్కేటప్పుడు గుప్పెడు చింతగింజలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది.

తరువాతి వానాకాలం వెనకపడుతుండగా, పడవవాడు కబురు తెచ్చాడు. పెద్దమ్మకు జ్వరం, మాట పడిపోయింది, వెంటనే రమ్మన్నారు. పసిపిల్లవాడితో ఒక్కదాన్నే పంపడం ఇష్టంలేక మా అత్త తోడొచ్చింది. ఎదురు ఏటికి పడవ తొందరగా నడవదు. మేము కోంటలో దిగేసరికి మధ్యాహ్నమయింది, పెద్దమ్మ అప్పటికే పోయింది. 

దొడ్లో మునగచెట్టు పక్కన చాప అడ్డుకట్టి పడుకోబెట్టారు. ముత్తయిదువ చావు గనక పసుపూ కుంకుమా గాజులూ అన్నీ సిద్ధం చేసి పెట్టారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తొందరపెడుతున్నా అమ్మ వినలేదట. "బిడ్డ వచ్చేదాకా నీళ్ళు పొయ్యొద్దు" అని పొద్దున్నుంచి అక్కడే కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి, పెద్దమ్మ రవిక ముడి విప్పింది. 

కుడిచేతి మీది పిల్లి రంగు కాస్త ఆకుపచ్చకు తిరిగింది. అమ్మ ఎడమ చెయ్యి ఎత్తి, రవికలోంచి బయటికి తీసి, భుజం కింద వేలు పెట్టి చూపించింది. 

రెండు చెవులు. నుదురు. ఒక కన్ను. ఒక పక్క మీసాలు. రెండో కన్ను ఉండవలసిన చోటు నుంచి మోచేతి వైపు వంకరగా జారిపోయి మధ్యలో ఆగిపోయిన ఒక గీత. 

ఓఝాకు చెయ్యి తప్పిందేమో అనుకోవడానికి లేదు. మా పెద్దమ్మ సూది కింద చెయ్యి కదిపే మనిషి కాదు. నేను పూర్తి చేయించుకోనంటే, తనూ నాలాగే సగం పొడిపించుకుంది. నేను భయపడి లాక్కున్న గీత దగ్గరుండి మరీ గీయించుకుంది. నాకు సిగ్గని చెప్పాను గనక, ఎవరి కంటా పడకుండా రవిక కింద దాచుకుంది. ఆ రోజు పటుక్కుమన్న గింజలన్నీ ఇందుకే. 

నేను ఏడవవలసింది. నాకు ఏడుపు రాలేదు. మా అత్త పిల్లవాణ్ణి ఎత్తుకుని చాప పక్కనుంచి తొంగి చూస్తోంది. నా చెయ్యి దానంతటదే పోయి రవిక చేతిని మణికట్టు దాకా కిందికి లాక్కుంది. ఆ పూట కూడా, ఆ శవం ముందర కూడా, నాకు సిగ్గే ముందొచ్చింది. 

అమ్మ అది చూసింది. తడి చేత్తో నా మణికట్టు పట్టుకుంది. నూతి దగ్గర బూడిద పెట్టి తోమిన రోజు పట్టిన పట్టే. రవిక చెయ్యి చర్రున పైకి నెట్టి, నన్ను వంచి, నా చెయ్యిని పెద్దమ్మ చెయ్యి పక్కన ఆనించింది. సగం పిల్లి పక్కన సగం పిల్లి. చుట్టూ ఆడవాళ్ళంతా చూస్తున్నారు. 

"అక్కా, చూస్కో" అంది అమ్మ. "మంచిగ చూస్కో. ఇదే. నీ బిడ్డ ఇదే. నిమ్మళంగ వస్తది, తొందర లేదు. వచ్చినప్పుడు మాత్రం కుండల్ని కొట్టి చూసినట్టు చూద్దాం లే, చూద్దాం లే అనుకుంట కూసోకు. పిలువు."

మా అత్త ముందుకొచ్చింది. "అయితే అది కాలిన మచ్చ కాదా వదినా?" అంది.

"కాదు వదినా" అంది అమ్మ. "పిల్లి."

అంత తేలిగ్గా అనేసింది. ఆ మాట అనడానికి నాకు ఈ బతుకు చాలలేదు, మొన్న నర్సు పిల్ల దగ్గర కూడా చాలలేదు. 

దినాలు అయ్యాక నేను తిరుగు పడవ ఎక్కే పూట, అమ్మ నా కొడుకును ఒళ్ళో వేసుకుని మొలతాడు సరిచేస్తోంది. ఆమె చేతి మీది తులసికోట అప్పుడు నా కంటపడింది. పెద్దమ్మ పక్కన నా చెయ్యి ఆనించినప్పుడు కూడా అది అక్కడే ఉంది. నా ఒంటి మీద తులసికోట ఎక్కడా లేదు. అది తెలిసే నన్ను అటు అప్పగించింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"అమ్మా, ఈసారి ఓఝా వస్తే నాకు ఇది గూడ పొడిపించు" అన్నాను, ఆ తులసికోట మీద వేలు పెట్టి.

అమ్మ కొంగు లాగి చెయ్యి కప్పుకుంది.

"ఒద్దే. రెండు గుర్తులుంటే ఆడ గూడ నీ కోసం మళ్ళ కొట్లాటనే. ఈడ కొట్లాడింది చాలు" అంది.